ఏడో మెట్టు మీద పోతులు

3వ తారీకు, ఆదివారం

దాలమ్మా, ముందు నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? వాపు తీసిందా? ఆముదం రాసి జిల్లేడాకు కట్టమన్నాను, కడుతున్నావో లేదో. మరిది అప్పన్నకి దగ్గు తగ్గిందా? గోడ పనిలో సున్నం దుమ్ము పీలుస్తాడు, ముక్కుకి గుడ్డ కట్టుకోమను. కట్టుకోడు, నాకు తెలుసు, అయినా చెప్పు. రవణమ్మకి ఈ నెల ఎన్నిసార్లు వచ్చింది ఫిట్సు? పడిపోతే తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో గరిటె పెట్టడం అవన్నీ వద్దు. చుక్కలు పొద్దున్న పదకొండు, సాయంత్రం పదకొండు. నీకు చూపు ఆనదు కదా, పదకొండు అనుకుని తొమ్మిది వేస్తున్నావేమో అని నాకు భయం. మీ కోడిపెట్ట గుడ్డిదైపోయిందన్నావు, అది బతికే ఉందా?

నేను బాగానే ఉన్నాను.

తోట చూసేవాళ్ళు రోజూ ఏం జరిగిందో చెవి పెట్టెకి చెప్పాలని రూలు. అది గట్టు మీద కర్రకి బిగించి ఉంటది. ఇదివరకు కళ్ళున్న పెట్టెలు ఉండేవి, కొండ మంచుకి కళ్ళు పోయాయి, చెవులు మిగిలాయి. మనం చెప్పింది విని "గమనించాము" అంటది. ఎలా ఉన్నావని అడగదు. అందుకని దానికి చెప్పిందే మళ్ళీ ఈ పుస్తకంలో నీకు రాసుకుంటున్నాను. నిండాక తాడు బండిలో వేసి కిందికి పంపుతాను. నీ దగ్గర్నుంచి కబురు వచ్చి నాలుగు నెలలైంది. నాలుగు నెలలంటే ఏమైనా అవ్వొచ్చు.

నా ఏడో మెట్టు మీద మొక్కలు అరవై రెండు. అన్నీ గంజాయి మొక్కలే. ఇక్కడ అందరూ మందు మొక్క అంటారు, నాకు నోరు తిరగదు. అమ్మ చిన్నప్పుడు ఈ కొండల్లోనే పోలీసులు వెతికి వెతికి తగలబెట్టేవారట. ఇప్పుడు ఒక్కటి ఎండిపోయినా ఎందుకు ఎండిందని అడుగుతున్నారు. గాజు గదుల్లో పెంచినవి బూజు పట్టి పోయాక ఆరుబయట, మెట్లుగా చెక్కిన కొండవాలు మీద వేయించారు. అన్నీ పెంపకం కేంద్రంలో ఒకే తల్లి చెట్టుకి విరిచిన కొమ్మలు, అన్నీ పెంటివే. పూత ఇప్పుడిప్పుడే వస్తోంది. ఆ పూత నూనే మన రవణమ్మ చుక్కలు. ఎవరు మొక్కలు చూస్తే వాళ్ళింటి రోగికి చుక్కలు, అదీ పద్ధతి. నా పేరు పక్కన చెల్లెలి కూతురని దాని పేరు రాశారు. నా పేరు కొట్టేస్తే దాని పేరూ కొట్టేస్తారు.

అమావాస్య వెళ్ళాక ఆకాశంలో కొత్తగా అద్దం ఎక్కించారు కదా, సముద్రం గోడ పని పొద్దుగూకినా ఆగకూడదని. మీకు పట్టపగల్లా ఉంటుందేమో. ఇక్కడిక్కూడా వస్తోంది ఆ వెలుగు, పల్చటి మజ్జిగలాగ.


4వ తారీకు, సోమవారం

పొద్దున్నే మొక్కలు చూసుకుంటూ వెళ్ళాను. ప్రతి కణుపూ చూడాలి. పెంటి పూతకి తెల్లటి వెంట్రుకలు రెండు ఉంటాయి. నలభై ఒకటో మొక్కకి పైన వెంట్రుకలున్నాయి, కింద కణుపుల్లో మాత్రం పచ్చిపెసలంత బుడిపెలు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఎండ కొడుతోందని చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ చూశాను. కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. పోతు.

నిన్నటిదాకా పెంటి, ఇవాళ పోతు. అలా అవుతుందని ఎవరూ చెప్పలేదు.

రూలు నాకు బాగా తెలుసు, ప్రతి పండక్కీ చదివి వినిపిస్తారు. బుడిపె పగిలితే పుప్పొడి గాలికి పోయి మెట్లన్నిట్లో పూత గింజకట్టేస్తది, నూనె ఉండదు. అందుకని కనబడిన రోజే చెప్పాలి. చెబితే ఆ మెట్టు తగలబెడతారు గానీ వచ్చే పంట దాకా చుక్కలు ఆపరు. దాచితే మెట్టూ తగలబెడతారు, పేరూ కొట్టేస్తారు.

పెట్టె దగ్గరికి వెళ్ళి చెప్పాను. "నలభై ఒకటి కాడ పోతు కనబడినాది. ఒక్కటే. ఇవాళే చూసినాను."

"గమనించాము. బృందం రేపు వస్తుంది. మీరు దగ్గరికి వెళ్ళకండి."

పాకలోంచి చాప, గిన్నెలు, బియ్యం డబ్బా తీసి బండ మీద పెట్టాను. మంట పాక దాకా వస్తుందేమో అని. తర్వాత అన్నం వండుకుని తిన్నాను. ఉప్పు వేశానో లేదో తెలీలేదు.


5వ తారీకు, మంగళవారం

బృందం అంటే నలుగురు వస్తారనుకున్నాను. ఒక్కడే వచ్చాడు. పాతికేళ్ళుంటాయి, బక్కపల్చగా, భుజం మీద మోకు చుట్ట, చేతిలో కర్ర. నూనె డబ్బా లేదు, అగ్గి లేదు. పేరు ఎర్రన్నట, ఇంటిపేరు బోను.

"మామ్మా, ఎటు పోయిందది?"

"ఏటి?"

"పోతు."

"అదెక్కడికి పోతది బాబూ, ఉన్నకాడే ఉంది."

వాడి మొహం వెలిగిపోయింది. "ఉందా! కట్టీసినావా? ఒక్కదానివే? ఏం తిన్నావు మామ్మా నువ్వు!"

నాకు అర్థం కాలేదు. వాడు గొంతు తగ్గించి, "కొమ్ములెలాగున్నాయి? వెనక్కి తిరిగినవా, పక్కకి సాగినవా?" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. వీడు పశువుల బృందం. పెట్టె నా మాటని దున్నపోతు అని విన్నది.

చెప్పాలి. నోరు తెరిచాను కూడా. ఈలోగా వాడు గట్టు మీద చతికిలబడి మాట్లాడ్డం మొదలుపెట్టాడు. కేంద్రంలో గేదెలు ఆరున్నాయట, ఉప్పుగాలి ఏళ్ళలో చావకుండా మిగిలినవి. ఉన్న ఒక్క పోతూ వాడు పనిలో చేరకముందే ముసలిదై పోయిందట. "పశువులే లేకపోతే పశువుల బృందమెందుకురా, గోడ పనికి పోరా అంటన్నారు. నిన్న నీ కబురు వినగానే మా దొర లేచి నిలబడ్డాడు మామ్మా." పుట్టి బుద్ధెరిగి వాడు పోతుని బొమ్మలోనే చూశాడట.

నేను నోరు మూసుకున్నాను. వాడి మీద జాలితో కాదు. అబద్ధమెందుకు, ఆ నిమిషంలో నాకు కనబడింది ఒకటే, మెట్టు తగలబడలేదు. పూత ఉంటే నూనె ఉంటది.

"వెళ్ళిపోయింది కాబోలు," అన్నాను.

పేడ కోసం మెట్టంతా వెతికాడు. అంబలి పోస్తే తాగాడు. "మళ్ళీ వస్తే కట్టొద్దు, కేకెయ్యి," అని వెళ్ళాడు. వాడు మలుపు తిరిగాక నలభై ఒకటోదాన్ని వేళ్ళతో సహా పీకి పొయ్యిలో పెట్టాను. అరవై ఒకటి. చాపా గిన్నెలూ మళ్ళీ లోపల పెట్టుకున్నాను.


8వ తారీకు, శుక్రవారం

ఇవాళ మూడు. ఏడు, పన్నెండు, ముప్ఫై. పీకేశాను. యాభై ఎనిమిది.

పెట్టెకి చెప్పాలా వద్దా అని గట్టు మీద నిలబడ్డాను. చెప్పకపోతే దాచినట్టు. "మగ మొక్క" అని చెబితే సాయంత్రానికి మంట. ఆ మాట నాకు తెలుసు, రూలు చదివేటప్పుడు మగ మొక్క అనే చదువుతారు. మొదటి రోజు నా నోటికి అది రాలేదు, మన తాడివలస మాటే వచ్చింది. ఇవాళ రెండూ నోటి దగ్గరే ఉన్నాయి.

"పోతులు మూడు," అన్నాను.

"గమనించాము. సంఖ్య పెరిగినట్టు నమోదు చేశాము."

అబద్ధమైతే కాదు. నిజం అవునో కాదో రాయలేను.

రవణమ్మకి మళ్ళీ వచ్చిందేమో. పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు వస్తేనో. నూతి దగ్గర వస్తేనో. పొయ్యి దగ్గరికి ఒంటరిగా పంపకు.


11వ తారీకు, సోమవారం

కింద ఆరో మెట్టు చూసే వంతాల చిలకమ్మ వచ్చింది. ఈ కొండ మనిషే, నాకంటే పదేళ్ళు చిన్నది, నోరు మాత్రం పెద్దది. గట్టు కిందనుంచే కేకేసింది.

"వదినా! నీ పోతులకి మేత పెట్టినావా?"

"నీకెవరు చెప్పినారు?"

"తాడు బండి కాడ అందరూ అదే. ఏడో మెట్టు ముసల్దాని పాకలో పోతుల మంద దిగినాదట. నిన్నటిదాకా నీకు ఒక పిల్లయినా లేదు, ఇప్పుడు మందకి మంద."

నవ్వుతూ పైకెక్కింది. నేను అప్పుడే పీకిన నాలుగు మొక్కలు చేతిలో ఉన్నాయి. వెనక దాచుకునే వేళకి చూసేసింది. నవ్వు పోయింది. ఒకటి లాక్కుని బుడిపెలు చూసింది.

"ఇదా నీ పోతు?"

"మా ఊళ్ళో అలాగే అంటారు."

"మీ ఊరు సముద్రంలో ఉంది వదినా. ఇక్కడ మగ మొక్క అంటారు. అను, ఒకసారి. మగ మొక్క."

నేను అనలేదు.

"నీది పగిలితే గాలి ఎటు? నా మెట్టు మీదకి. నా కొడుక్కి నొప్పులకి చుక్కలు లేకపోతే నువ్వొచ్చి కాళ్ళు పడతావా?" అని చాలా తిట్టింది. ముసలి నక్క అంది, ఉప్పునీళ్ళ దొంగ అంది. నేను వింటూ నిలబడ్డాను. అన్నీ నిజమే అనిపించింది. అనిపించడం కూడా కాదు, అవునని తెలిసింది, అంతే.

తిట్టి తిట్టి అలిసిపోయి కూర్చుంది. అప్పుడు మెట్టంతా కళ్ళతో తిరిగి, "బండ చాటునున్నవాటికి ఒక్కదానికీ రాలేదే?" అంది. నిజమే. పెద్ద బండ వెనక పద్నాలుగు మొక్కలున్నాయి, అన్నీ శుభ్రంగా పెంటివే. నేను రోజూ చూస్తున్నాను, అంత దూరం ఆలోచించలేదు.

"బండ చాటున అద్దం వెలుగు పడదు. నా మెట్టంతా కొండ నీడ. నీ మొక్కలకే చీకటి లేదు వదినా, నిద్ర లేదు."

"నిద్ర లేకపోతే పెంటి పోతయిపోద్దా?"

"మా ఆయన పోయినాక నాకు నిద్రుందా? మీసాలు రాలేదా?" అని మూతి మీద చెయ్యేసి చూపించింది.

ఇద్దరం కలిసి పొద్దు వాలేవేళకి మొక్కల మీద గోనెలు, దుప్పట్లు, చీరలు కప్పాము. చిలకమ్మ తన టార్పాలిన్ తెచ్చింది, తిడుతూనే తెచ్చింది. అమ్మ చీర కూడా కప్పాను. కర్ర తగిలి చిరిగింది. చిరిగిందని చూశాను, కప్పాను.

యాభై నాలుగు. పెట్టెకి "పోతులు నాలుగు" అని చెప్పాను. చిలకమ్మ పక్కనుండి విని, నెత్తిన చెయ్యి పెట్టుకుంది. ఆమె చెప్పొచ్చు, చెప్పలేదు. వారం చూస్తానంది.


15వ తారీకు, శుక్రవారం

కప్పడం ఆలస్యమైపోయింది. లోపల అప్పటికే మొదలైనవి ఉంటాయి కదా. ఇవాళ తొమ్మిది.

పీకడానికి వంగేలోపు తాడు బండి గంట కొట్టింది. పన్నెండు మోపులు గడ్డి దిగింది, నా పేరు మీద. గడ్డి వెనకాల ఎర్రన్న దిగాడు. తలకి నూనె రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, చేతిలో ఇత్తడి గంట పట్టుకుని ఉన్నాడు. ఆ గంట వాళ్ళ తాతదట, మందలో పెద్ద పోతు మెడలో కట్టేదట.

పెట్టె దానంతటది మాట్లాడింది. ఎప్పుడూ అలా మాట్లాడలేదు. "ఏడో మెట్టు వారికి అభినందనలు. పోతుల సంఖ్య మొత్తం ఎనిమిదిగా నమోదైంది. పశువుల అధికారులు సందర్శనకు రానున్నారు."

ఎర్రన్న గడ్డి మోపులు ఒక్కొక్కటీ మోసుకొచ్చి పాక పక్కన పేర్చాడు. పేరుస్తూ మాట్లాడుతూనే ఉన్నాడు. మూడు రోజులు ఇక్కడే కాపలా ఉంటాడట. దొరికిన పోతుల్లో ఒకదానికి నా పేరు పెడతాడట. "పోతుకి తవిటమ్మని పెడితే బాగోదు, తవిటయ్యని పెడతాను మామ్మా."

అన్నీ మోసేదాకా ఆగాను. ఎందుకాగానో తెలీదు. పన్నెండో మోపు దించాక చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఒక మొక్క మీది దుప్పటి తీశాను.

"ఇదే బాబూ పోతు. ఇవాళ తొమ్మిదున్నాయి. ఇంతకుముందు ఎనిమిది పొయ్యిలో పెట్టీసినాను. మా ఊళ్ళో తాటిచెట్లకి అలాగే అంటారు. కాయ కాయనిది పోతు, కాసేది పెంటి."

వాడు మొక్కని చూశాడు. నన్ను చూశాడు. గడ్డివైపు చూశాడు. ముందు నవ్వొచ్చింది వాడికి, పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి గడ్డి మీద కూర్చున్నాడు. కాసేపటికి నవ్వు ఆగిపోయింది.

"ఆరు గేదెలకి మాటిచ్చి వచ్చినాను మామ్మా," అన్నాడు.

అన్నం పెట్టాను. తిన్నాడు. మజ్జిగ లేదని చెప్పాను, ఎలా ఉంటది అన్నాడు.


16వ తారీకు, శనివారం

"నువ్వు చెప్తావా, నేను చెప్పనా?" అన్నాడు ఎర్రన్న పొద్దున్నే. దాచితే వాడిక్కూడా మాటొస్తది. నేనే చెబుతానన్నాను.

చిలకమ్మ కూడా వచ్చి నిలబడింది. నేను పెట్టె దగ్గర నోరు పెట్టి, "మగ మొక్కలు తొమ్మిది," అన్నాను.

ఈసారి గమనించాము అనలేదు. "ఎవరూ అక్కడినుంచి కదలకండి," అంది.


18వ తారీకు, సోమవారం

తగలబెట్టారు. యాభై నాలుగూ, బండ చాటు పద్నాలుగూ అందులోనే. ఆ పద్నాలుగు బాగానే ఉన్నాయని చెప్పాను. మెట్టంటే మెట్టంతా అన్నారు. గడ్డి మోపులు పక్కనే ఉండడం వల్ల అవీ అంటుకున్నాయి, మంట పెద్దదైంది. పాక మిగిలింది. చిలకమ్మ మెట్టు మొక్కమొక్కా చూసి వదిలేశారు, అంతవరకూ నయం.

పొగ ఆరో మెట్టు దాకా దిగింది. చిలకమ్మ కోళ్ళు మత్తుగా పడుకున్నాయి. నేను బండ మీద కూర్చున్నాను. ఏడుస్తానేమో అని చిలకమ్మ పక్కన కూర్చుంది. రాలేదు. సముద్రం మన ఇంట్లోకి వచ్చిన రోజు కూడా నాకు రాలేదు, బియ్యం డబ్బా ఎక్కడ పెట్టానా అని వెతికాను. ఇవాళా డబ్బా బండ మీదే ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాను.


19వ తారీకు, మంగళవారం

కాగితం వచ్చింది. చిలకమ్మ నా చేతిలోంచి లాక్కుని చదివింది. మగ మొక్కలు పన్నెండు రోజులు దాచినందుకు ఏడో మెట్టు తవిటమ్మ పేరు కొట్టివేయడమైనది. ఆమెతో పాటు నమోదైన రోగికి ఈ నెల ముప్ఫయ్యో తారీకు తర్వాత చుక్కలు ఉండవు.

రోగి అని రాశారు. రవణమ్మ అని రాయలేదు.

చుక్కలు లేని ఏడాది గుర్తుందా నీకు? దానికి పద్నాలుగేళ్ళు. రోజుకి ఆరేడుసార్లు పడేది. పెదవి కొరుక్కుని, పన్ను విరగ్గొట్టుకుని. నువ్వు దాని నడుముకీ నీ నడుముకీ చీర కలిపి కట్టుకుని తిరిగేదానివి.

ఎర్రన్న ఇంకా వెళ్ళలేదు. వాడే అన్నాడు, "దాచడమేటి? నువ్వు నాలుగో తారీకునే చెప్పినావు కదా మామ్మా. పెట్టెకి అర్థం కాకపోతే నీ తప్పా? వినికిడి కచేరీకి అర్జీ పెట్టు." అర్జీ వాడే రాశాడు. చదువుకుని సంతకం చెయ్యమన్నాడు. చేశాను.


21వ తారీకు, గురువారం

వినికిడి కచేరీనుంచి ఇందుమతి అనే ఆమె వచ్చింది. పెట్టెలు విన్నది సరిగ్గా విన్నాయా లేదా అని చూసే ఉద్యోగమట. నెమ్మదైన మనిషి. కూర్చోమంటే కింద కూర్చుంది.

నాలుగో తారీకు మాట వినిపించింది. పెట్టెలోంచి ఒక ముసలి గొంతు, "నలభై ఒకటి కాడ పోతు కనబడినాది" అంది. అమ్మ గొంతు అనుకున్నాను. నాదే.

"పోతు అంటే ఏంటమ్మా?"

"కాయ కాయనిదండీ."

"పెట్టెకి నేర్పిన మాటల్లో దున్నపోతు ఉంది, మేకపోతు ఉంది, పిల్లిపోతు ఉంది. చెట్టు లేదు."

"చెట్లున్న ఊరోళ్ళని అడగలేదు కాబోలు," అంది చిలకమ్మ.

ఆమె చిలకమ్మని చూసి, మళ్ళీ నన్ను అడిగింది. "పెట్టె తప్పుగా విన్నదని మీకు ఎప్పుడు తెలిసింది?"

చిలకమ్మ వెనకనుంచి గిల్లింది. ఎర్రన్న దగ్గాడు. నేను చెప్పాను. "అయిదో తారీకు పొద్దున్న. ఈ బాబు కొమ్ములెలాగున్నాయని అడిగినప్పుడు."

"తర్వాత కూడా పోతులనే చెప్పారు."

"చెప్పినాను."

"తెలిసే?"

"తెలిసే."

ఆమె రాసుకుంది. చాలాసేపు రాసుకుంది. నా కాళ్ళు తిమ్మిరెక్కాయి. తర్వాత తలెత్తి, "తర్వాతవి నాకు అక్కర్లేదమ్మా. కనబడిన రోజున చెప్పారా లేదా, అదొక్కటే రూలు. నాలుగో తారీకున మీరన్నది చెట్టు గురించేనని తేలితే చెప్పినట్టే. మెట్టు ఎలాగూ పోయింది, చుక్కలు మాత్రం వచ్చే పంట దాకా ఆగవు," అంది.

"ఎలా తేలుతుందండీ?"

"ఇంకొక నోరు కావాలి. ఒక్కరి నోట ఉంటే అది పొరపాటు. ఇద్దరి నోట ఉంటేనే మాట. అలా రాసుంది."

"నేను చెప్తాను," అంది చిలకమ్మ. "పోతు పోతు పోతు."

"మీరు ఈ కొండవాళ్ళు. ఆ ఊరి మనిషి కావాలి."

తాడివలసవాళ్ళు ఇంకెవరున్నారు దాలమ్మా? వేళ్ళు మడిచి చూశాను. ఒక్క వేలే మడిచాను. మా చెల్లెలుందండీ, గోడ కాలనీలో, అన్నాను.

"అయితే ఆమెని ఇక్కడికి రప్పించండి. నేను రెండు తాటిచెట్ల బొమ్మలు చూపిస్తాను, కాసేదొకటి, కాయనిదొకటి. వీటిని మీ ఊళ్ళో ఏమంటారు అని అడుగుతాను. ఆమె తనంతట తాను అనాలి. ముందుగా మీరు నేర్పకూడదు, చెప్పి పంపకూడదు, రాసి పంపకూడదు. ఆ రోజు మీ ఇద్దర్నీ అడుగుతాను, నేర్పారా అని."

నేను ఈ పుస్తకం వైపు చూశాను. చాప కింద ఉంది. కొస బయటికి కనబడుతోంది.


22వ తారీకు, శుక్రవారం

కాబట్టి ఇది నీకు పంపను. ఎవరికి రాస్తున్నానో తెలీదు ఇప్పుడు. అలవాటు కొద్దీ నీకే రాస్తున్నాను.

ఊరు మునిగేనాటికి నాకు పద్నాలుగేళ్ళు, నీకు ఆరు. ఆరేళ్ళ పిల్లకి ఏం గుర్తుంటది? ముంజికాయల బండి చేసుకుని లాగేదానివి, అది గుర్తుండొచ్చు. ముంజెలు గుర్తుంటే చెట్టు గుర్తుంటుందా? చెట్టు గుర్తున్నా పేరు గుర్తుంటుందా? నాన్న పోతుతాడిచెట్టు ఎక్కి కల్లు గీస్తుంటే నువ్వు కింద నిలబడి ఏదో అరిచేదానివి. ఏమని అరిచేదానివో నాకు గుర్తు రావటం లేదు. గోడ కాలనీలో ఎక్కడెక్కడివాళ్ళో ఉంటారు, యాభై ఏళ్ళబట్టి వాళ్ళ మాటలే నీ చెవిలో పడుతున్నాయి. తాటిచెట్టు ఒక్కటైనా చూశావా మళ్ళీ? ఆ బొమ్మలు నీ కంటికి ఆనవేమో. మగ చెట్టు అంటావేమో. తెలీదు అంటావేమో. నీకు భయమేస్తే తెలీదు అనేస్తావు, చిన్నప్పట్నుంచీ అంతే.

ఎర్రన్న ఇవాళ కిందికి వెళ్ళాడు. వాడి బృందాన్ని తీసేశారు, గోడ పనికి రమ్మన్నారు. మీ కాలనీలోనే దిగుతాడు. నిన్ను పైకి రమ్మని కబురు వాడితోనే పంపాను.

బండి ఎక్కబోతూ వెనక్కొచ్చాడు. "మామ్మా, ఒక్క మాటే కదా. చెవిలో వేసీసి వచ్చీనా? ఎవరికి తెలుస్తాది?"

ఆమె అడుగుతుంది, నేర్పారా అని. నేను చెప్పేస్తాను. నా సంగతి నాకు తెలుసు. అప్పుడు ఉన్నదీ పోతుంది.

"వద్దు బాబూ. రమ్మన్నానని చెప్పు చాలు. ఎందుకంటే తెలీదను."

వద్దన్నాక బండి కనబడినంతసేపూ చూశాను. వేసి రమ్మనాల్సిందేమో. ఇప్పటికీ తెలీదు.


25వ తారీకు, సోమవారం

ఎర్రన్న వినికిడి కచేరీ వాళ్ళ పెట్టె ద్వారా కబురు చేశాడు. నాలుగు నెలలు మాటల్లేవంటే మీ కాలనీకి కాగితం దొరకటం లేదట, అంతే. మోకాళ్ళు అలాగే ఉన్నాయట. అప్పన్న దగ్గుతున్నాడట. రవణమ్మకి ఈ నెల రెండేసార్లు వచ్చిందట. కోడిపెట్ట చచ్చిపోయిందట.

ఎందుకు రమ్మంటోందని నువ్వు అడిగావట. తెలీదన్నాడట. "అప్పకి ఒంట్లో బాగోలేదేమో, చెప్పడం లేదు మీరు," అని ఏడ్చావట. వాడు అయినా చెప్పలేదట.

రవణమ్మని కూడా తీసుకొస్తున్నావట. చుక్కల సీసా మర్చిపోకు. తాడు బండిలో కిందికి చూడకు, దాన్ని లోపలివైపు కూర్చోబెట్టు.

ఇందుమతి గారు కూడా అదే బండికి వస్తారు. మిమ్మల్ని మాట్లాడించరు, బండిలో పక్క గదిలో కూర్చుంటారు. నేను గంట కొట్టే చోటికి వచ్చి నిలబడతాను. నీతో ఏమీ మాట్లాడకూడదన్నారు, బొమ్మలు చూపించేదాకా. ఊరికే చూస్తాను. కోపం వచ్చిందనుకోకు.

ఇరవై ఎనిమిదో తారీకు, గురువారం, పది గంటల బండి.